కాలిఫోర్నియా కాండర్: గమనాల పరిశీలన, మారిన నిర్ణయాలు

ఒక జాతిలో ఇరవై పక్షులే మిగిలినప్పుడు, వాటిలో కొన్నింటిని పట్టుకొని రెక్కలకు యంత్రాలు అమర్చడం సమంజసమేనా? 1980ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ ప్రశ్నపై తీవ్ర వివాదం చెలరేగింది. పర్యావరణ చరిత్రను చదువుతున్న మీరు ఈ వివాదాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. ఆధారం మారితే నిర్ణయం ఎలా మారుతుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కంటితో చూసిన కాలం

కాలిఫోర్నియా కాండర్ రాబందు జాతికి చెందినది. రెక్కలు చాపితే దాదాపు తొమ్మిదిన్నర అడుగులు ఉంటుంది. కార్ల్ కోఫర్డ్ 1939లో దీని అధ్యయనం ప్రారంభించి, కొండల్లో గూళ్ల సమీపాన గంటల తరబడి కూర్చొని వివరాలు నమోదు చేశాడు. ఆయన గ్రంథం 1953లో వెలువడింది. మనుషుల అలికిడికి ఈ పక్షి బెదురుతుందని, దాన్ని దూరం నుంచే కాపాడాలని ఆయన భావించాడు. 1947లో ఏర్పడిన సెస్పే అభయారణ్యం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అయినా పక్షుల సంఖ్య తగ్గుతూనే వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కోఫర్డ్ పరిశీలన శ్రద్ధగానే సాగింది. కానీ గూటి దగ్గర కూర్చున్న మనిషికి గూటి దగ్గర జరిగేదే కనిపిస్తుంది. పక్షి కొండ దాటాక ఎక్కడికి వెళ్లింది, ఏమి తిన్నది అన్నవి తెలిసే అవకాశం లేదు.

వివాదం, రేడియో పరికరాలు

1980లో పరిశోధకులు కొలతలు తీసుకుంటుండగా ఒక కాండర్ పిల్ల చనిపోయింది. పక్షులను తాకవద్దని వాదించేవారికి ఇది బలమైన ఆధారమైంది. డేవిడ్ బ్రోవర్ వంటి పర్యావరణవాదులు, ఈ పక్షి అంతరించినా స్వేచ్ఛగా, గౌరవంగా అంతరించాలన్నంత వరకు వెళ్లారు. వారి ఆవేదనను తేలికగా కొట్టిపారేయకండి. మిగిలినవే ఇరవై పక్షులైతే, ఒక్క పొరపాటుకు చెల్లించే మూల్యం చాలా ఎక్కువ.

చివరకు 1982లో పక్షులను పట్టి, రెక్కలకు చిన్న రేడియో ట్రాన్స్‌మీటర్లు అమర్చడం మొదలైంది. వాటి సంకేతాలను బట్టి పరిశోధకులు రోజువారీ గమనాలను గుర్తించారు. కాండర్ ఒకే రోజులో 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలదని తేలింది. గూళ్లు అడవి కొండల్లో ఉంటే, మేత దూరాన ఉన్న పశువుల మైదానాల్లో ఉంది. అంటే అభయారణ్యం సరిహద్దు గూటికి రక్షణ ఇచ్చింది కాని, మేతకు ఇవ్వలేదు.

మరణం చెప్పిన కారణం

అంత విశాలమైన ప్రాంతంలో చనిపోయిన పక్షి సాధారణంగా ఎవరి కంటా పడదు. ట్రాన్స్‌మీటర్ ఉంటే శవాన్ని వెతకవచ్చు. 1984లో అలా దొరికిన ఒక కాండర్‌ను పరీక్షిస్తే, సీసం విషంతో మరణించినట్లు తెలిసింది. వేటగాళ్లు కాల్చిన జంతువుల కళేబరాలను తిన్నప్పుడు, వాటిలోని తూటా ముక్కలు పక్షి కడుపులోకి చేరుతున్నాయి. 1980–86 మధ్య మరణించిన ఐదు కాండర్లను పరీక్షించగా, మూడింటి మరణానికి సీసమే కారణమని తేలింది.

దీనితో ప్రశ్నే మారిపోయింది. సురక్షితమైన ఆహారాన్ని ఒకచోట పెట్టినా, అంత దూరం తిరిగే పక్షి మరోచోట తినకుండా ఆపడం సాధ్యం కాలేదు. 1987 ఏప్రిల్ 19న చివరి స్వేచ్ఛా కాండర్‌ను కూడా పట్టుకున్నారు. అప్పటికి ప్రపంచంలో ఉన్నవి 27 మాత్రమే. సంరక్షణలో పెరిగిన పక్షులను 1992 నుంచి తిరిగి విడిచిపెట్టారు. వేటలో సీసపు తూటాల వాడకంపై 2008లో కాండర్లు తిరిగే ప్రాంతాల్లోను, 2019లో కాలిఫోర్నియా అంతటా నిషేధం అమలులోకి వచ్చింది. ఇప్పుడు సంరక్షణలోనివి, బయట ఉన్నవి కలిపితే కాండర్ల సంఖ్య 500 దాటింది. అయినా సీసం ముప్పు పూర్తిగా తొలగలేదు.

మన దేశంలో రాబందులు కుప్పకూలడానికి పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కారణమని కూడా చనిపోయిన పక్షుల పరీక్షల ద్వారానే తెలిసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. రెండు చోట్లా విషం మేతలోనే ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

కోఫర్డ్ పరిశీలనకు, రేడియో పరిశీలనకు మధ్య తేడా పరికరంలోనే ఉందా, లేక అడిగిన ప్రశ్నలోనూ ఉందా? మీ సమాధానాన్ని పై ఉదాహరణలతో సమర్థించండి.