మద్రాసు ప్రెసిడెన్సీలో వేరుశనగ: ఎగుమతి వృద్ధి - రైతు రక్షణ

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో దక్షిణ ఆర్కాటు ప్రాంతపు వేరుశనగ పుదుచ్చేరి రేవు మీదుగా ఫ్రాన్సులోని మార్సేయి నగరానికి చేరి, అక్కడి నూనె, సబ్బు పరిశ్రమలకు ముడిసరుకైంది. 1890లలో పాత విత్తనం క్షీణించి దిగుబడి పడిపోగా, మారిషస్ రకం రాకతో సాగు తిరిగి పుంజుకొని, క్రమంగా రాయలసీమ మెట్టనేలలకు విస్తరించింది. కాయలను నీటితో తడిపి చేతితో ఒలవడంవల్ల పప్పు చెడి నూనె నాణ్యత తగ్గేది. ఒలుపు యంత్రాలు ఆ లోపాన్ని చాలావరకు తీర్చాయి.

విత్తనం, నాణ్యత ఈ విధంగా మెరుగుపడినా ధర విషయంలో రైతుకు ఆధారం ఏర్పడలేదు. వర్తకుని వద్ద ముందుగా అప్పు తీసుకొన్న రైతు పంటను కళ్లంలోనే అతనికి అప్పగించవలసి వచ్చేది. ధర పెరిగేవరకు సరుకు నిల్వ చేసుకొనే స్తోమత అతనికి లేదు. 1929 తరువాతి ఆర్థికమాంద్యంలో ధరలు కూలినప్పుడు, 1940లో ఫ్రాన్సు పతనంతో ఆ విపణి మూతపడినప్పుడు నష్టభారం ప్రధానంగా సాగుదారుపైనే పడింది.

అదే 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 రకం అనంతపురం జిల్లాలో దశాబ్దాలపాటు నిలిచింది. అనగా విత్తనానికి లభించిన సంస్థాగత ఆలంబన ధరకు లభించలేదు. 1946 నాటి భారత నూనెగింజల సంఘ చట్టం సాగును, విక్రయాన్ని ఒకే పరిధిలోకి తెచ్చింది. గిడ్డంగి, పరపతి, ధర హామీ తోడుకాని ఎగుమతి ప్రోత్సాహం వర్తకాన్ని పెంచగలదే గాని రైతును కాపాడలేదని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.