మా ఇళ్ళ అప్పుల పద్దు

మా చరిత్ర రాయమంటే అందరూ కోటల దగ్గరే మొదలుపెడతారు. కొండపల్లి కోట, గోల్కొండ సుల్తానులు, బందరు రేవు, నిజాం ఫర్మానాలు. మమ్మల్ని మెచ్చుకోవాలనుకునే సెక్యులర్ మిత్రులు బిర్యానీ గురించీ, అత్తరు గురించీ, గజల్ గురించీ మాట్లాడతారు. మెచ్చుకోనివాళ్ళు మాట్లాడేదీ ఆ బిర్యానీ గురించే. సాయిబులు ఉన్ననాడు పండగ, లేనినాడు పస్తు, రేపటి చింత లేని జనం అంటారు. ఈ ఇద్దరికీ కనపడనిది ఒకటుంది. బెజవాడ వించిపేటలోనో, ఇస్లాంపేటలోనో, తారాపేటలోనో, సింగ్‌నగర్‌లోనో మా ఇళ్ళల్లో గోడమేకుకి దారం కట్టి వేలాడే చిన్న నోటుబుక్కు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది. సగం ఉర్దూ అంకెల్లో, సగం తెలుగు అంకెల్లో, ఈ మధ్య అంతా ఇంగ్లీషు అంకెల్లో. మా చరిత్ర ఆ బుక్కులో ఉంది. దాన్ని ఎవరూ తెరవలేదు గనక మేమే తెరుస్తున్నాం.

అప్పంటే మాకు డబ్బు సంగతి ఒక్కటే కాదు. జనాజా నమాజుకి ముందు ఇంటి పెద్ద నిలబడి, మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి మమ్మల్ని అడగండి అని చెప్పే ఆనవాయితీ మా పేటల్లో ఇప్పటికీ ఉంది. బాకీపడి చనిపోయిన మనిషికి, ఆ బాకీ తీర్చే పూచీ ఇంకొకరు తీసుకునేదాకా ప్రవక్త (స) జనాజా నమాజు చదివించలేదని హదీసులు చెబుతాయి. ఆయన కన్నుమూసేనాటికి ఆయన ఇనప కవచం బార్లీ గింజల కోసం ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉందనీ హదీసులే చెబుతాయి. అంటే పేదవాడు అప్పు చెయ్యడం తప్పు కాదు. తీర్చకుండా పోవడం బరువు. వడ్డీ మాత్రం హరామ్, తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ. ఆ మాట ప్రతి జుమ్మాకీ వింటాం. మర్నాడు పొద్దున్నే నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టడానికి పోతాం. ఈ రెండు రోజుల మధ్య నలిగిన మనుషులం మేము.

ఈ నలుగుడు నిన్న మొన్నటిది కాదు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో దిగింది అద్దకం గుడ్డల కోసం. ఉత్తర సర్కార్లు 1766 ఒడంబడికతో కంపెనీ చేతికి పోయాక గుడ్డ కొనే పద్ధతే మారిపోయింది. కంపెనీ ముందుగా బయానా ఇచ్చేది. అది తీరేదాకా నేతగాడు ఇంకొకరికి గుడ్డ అమ్మకూడదు, ధర కంపెనీ చెప్పిందే. బయానా తీరేది కాదు. నేసేవాళ్ళలో, అద్దేవాళ్ళలో హిందువులున్నారు, మేమూ ఉన్నాం. అప్పు ఆ రోజుల్లోనే మతం చూడలేదు. తర్వాత మాంచెస్టరు గుడ్డ వచ్చింది. 1864 నవంబరులో బందరు మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఊరే కుంగిపోయింది.

దీనికి పదేళ్ళ ముందే, 1855 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట వచ్చింది. కాలవలొచ్చాయి, డెల్టా పచ్చబడింది. డెల్టా అంటే అన్నపూర్ణ అని బడిపుస్తకాల్లో చదువుకున్నాం. ఎవరికి అన్నపూర్ణ? భూమి ఉన్నవాడికి. మాలో ఎక్కువమందికి భూమి లేదు. మేము దూది ఏకాం, కళాయి పోశాం, జట్కాలు తోలాం, పాత ఇనుము కొన్నాం, గాజులు మోశాం, తాళాలు బాగుచేశాం. జట్కావాడు గుర్రాన్ని అప్పుమీద కొంటాడు. తన తిండి కన్నా ముందు దానికి ఉలవలు చూడాలి. గుర్రం చస్తే అప్పు చావదు. కళాయివాడి బతుకు స్టీలు గిన్నెలొచ్చి పోయింది, జట్కావాడి బతుకు రిక్షా, ఆటో వచ్చి పోయింది, మా నూర్‌బాషాల విల్లు యంత్రాలొచ్చి మూలపడింది. వృత్తి పోయిన ప్రతిసారీ మిగిలేది అప్పు. కొత్త వృత్తిలోకి దిగడానికీ అప్పే.

ఇక చట్టాలు. 1930లో ధాన్యం ధరలు కుప్పకూలాక మద్రాసు రాజధాని అంతా రైతు అప్పుల గోల. బ్యాంకింగ్ విచారణ కమిటీ 1930లో లెక్కవేస్తే రాజధాని గ్రామీణ అప్పు 150 కోట్లు. 1935లో సత్యనాథన్ నివేదిక లెక్కవేస్తే 200 కోట్లు. 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు రుణవిమోచన చట్టం తెచ్చింది. నిజంగా పెద్ద చట్టమే అది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అసలుకి రెండింతలు కట్టేసినవాడికి అసలు కూడా రద్దు. ఈ చట్టం డెల్టాలో చాలా కుటుంబాలను నిలబెట్టింది. కాదనం. కాని చట్టం దృష్టిలో రైతంటే భూమి మీద హక్కున్నవాడు. దూది ఏకేవాడు, జట్కావాడు, కళాయివాడు రైతు కాదు. మేము కట్టిన వడ్డీ అసలుకి రెండింతలు కాదు, నాలుగింతలు దాటినా మమ్మల్ని అడిగిన చట్టం లేదు.

1977లో రాష్ట్రం ఇంకో రుణవిమోచన చట్టం చేసింది. అందులో చిన్నరైతులతోపాటు వ్యవసాయ కూలీలకీ, గ్రామీణ చేతివృత్తులవాళ్ళకీ చోటిచ్చారు. పల్లెటూళ్ళ దూదేకులవాళ్ళు కాగితం మీదైనా అందులోకి వచ్చారు. పల్లెలో పని లేక బెజవాడ పేటల్లోకి వచ్చినవాళ్ళు రాలేదు. ఊరు దాటితే మనిషి చేతివృత్తివాడు కాకుండా పోతాడు కాబోలు. అదే ఏడాది నవంబరు 19న దివిసీమ ఉప్పెన.

మరి బ్యాంకులో? ఆంధ్రా బ్యాంకు పుట్టింది మా బందరులోనే, 1923లో, భోగరాజు పట్టాభి సీతారామయ్య చేతుల మీదుగా. 2020లో ఇంకో బ్యాంకులో కలిసిపోయేదాకా ఆ బ్యాంకు పేరు చెప్పుకుని డెల్టా గర్వపడింది. గర్వపడాల్సిందే. కాని పూచీకి పొలం, పొలానికి దస్తావేజు, దస్తావేజుకి తెలిసిన పెద్దమనిషి ఉండాలి. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పివ్వకూడని ప్రాంతాలుగా గీత గీసి పెట్టుకుంటాయని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ గీత లోపల ఉన్నవాళ్ళకి ఆ సంగతి కమిటీ చెప్పక్కర్లేదు.

అప్పుడు మా ఆడవాళ్ళు ఏం చేశారు? ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపికపట్టండి.

పదివేలు అప్పు. నూటికి మూడు. నెలకి 300 వడ్డీ. ఇరవై నెలలు కడితే 6,000 పోయింది, పదివేలు పదివేలుగానే ఉంది. డైలీ ఫైనాన్స్ అయితే ఇంకా ఘోరం. పదివేలని రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే 1,500 వడ్డీయే గదా అనిపిస్తుంది. రోజూ అసలు తరుగుతూనే ఉంటుంది గనక, సగటున మన చేతిలో ఉన్నది నాలుగువేల చిల్లరే. దానిమీద వంద రోజులకి 1,500 అంటే, ఏడాదికి లెక్కవేస్తే నూటికి నూరు దాటిపోతుంది. ఇలాంటి అప్పుండగా ఎంత కడుపు కట్టుకున్నా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. పొదుపు చెయ్యండి అని పేదలకు బోధించే పెద్దలు ఈ చిల్లు సంగతి ఎత్తరు.

మా అమ్మీలు, నానీలు, ఖాలాలు ఆ చిల్లు మూయడానికి వాడింది పాటలేని చీటీ. మామూలు చీటీలో పాట ఉంటుంది. అవసరమున్నవాళ్ళు తక్కువకి పాడుకుంటారు, మిగిలింది అందరూ పంచుకుంటారు. అవసరంలో ఉన్నవాళ్ళ దగ్గర లాభం తీసుకోవడం వడ్డీయే గదా అని మావాళ్ళు పాట తీసేశారు. ఇరవైమంది, నెలకి 500, పదివేలు. కాగితం ముక్కల మీద పేర్లు రాసి, డబ్బాలో వేసి, ఒక పిల్లవాడి చేత తీయిస్తారు. ఎవరింట్లోనైనా ఆపరేషనో, పెళ్ళో, తలకి మించిన అప్పో ఉంటే పేరు తీయకుండానే మొదటి నెల ఆమెకే ఇచ్చేస్తారు. ఆమె ఆ పదివేలు తీసుకెళ్ళి వడ్డీవాడి మొహాన కొట్టి ప్రోనోటు చింపించుకుంటుంది. ఇక నెలకి 500 కట్టాలి. 300 ఎలాగూ వడ్డీకి పోతున్నదే. కొత్తగా తేవలసింది నెలకి 200. రోజుకి ఏడు రూపాయలు కూడా కాదు.

హైదరాబాదులో వడ్డీలేని అప్పుల సంఘాల గురించి మహా పండితుడు ముహమ్మద్ హమీదుల్లా 1940లలోనే రాశాడు. అందులో ఉన్నది మగవాళ్ళ లెక్కాపత్రాల సంఘాలు. వించిపేట ఆడవాళ్ళ డబ్బా గురించి రాసిన పండితుడు మాకు కనపడలేదు.

ఆ ఏడు రూపాయలు ఎక్కణ్ణించి వచ్చేవి? అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు. పూటకో పిడికెడు, నెల తిరిగేసరికి రెండు మూడు కిలోలు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఆ డబ్బా ఇంకాస్త నిండింది. కాళేశ్వరరావు మార్కెట్టుకి పొద్దున కాదు, చీకటిపడ్డాక నడిచి వెళ్ళేవాళ్ళు, మిగిలిన కూరగాయలు కుప్పగా ఇచ్చేస్తారని. మాంసం బదులు బొక్కలు తెచ్చి, శనగపప్పూ సొరకాయా వేసి దాల్చా. మీరు మెచ్చుకునే బిర్యానీ మా ఇళ్ళల్లో చాలా ఏళ్ళపాటు ముక్కలేని కుష్కా. నాన్న ప్యాంటు కొడుక్కి నిక్కరు, ఆ నిక్కరు చిరిగితే బొంతలో ముక్క. పాత చీరెలు పరిచి బొంత కుట్టడంలో మా నూర్‌బాషా ఆడవాళ్ళ చేతికి సాటి లేదు. ఆ బొంతలు అమ్మి కూడా కంతులు కట్టారు. నల్లపూసల లచ్ఛాలో బంగారం గుండ్లు తాకట్టుకి పోతే దారంలో పూసలే మిగిలేవి, అవి కనపడకుండా కొంగు కప్పుకునేవాళ్ళు. అందరికీ వడ్డించాక ఆకలి లేదని చెప్పడం కూడా ఈ పద్దులోదే. దాన్ని ఎవరూ బుక్కులో రాయలేదు.

ఇంత చేసి కూడగట్టింది ఒక్క పెళ్ళిలో ఊడ్చుకుపోయేది. ఈ మాట మాలో మేము అనుకోవాల్సింది. మెహర్ అనేది మగవాడు ఇవ్వాల్సినది. మేము దాన్ని కాగితం మీద పెట్టి, జోడేకీ రకమ్ పేరుతో అమ్మాయి తండ్రి దగ్గర వసూలు చేయడం నేర్చుకున్నాం. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవాళ్ళు ఒకరని ఖురాన్ చెబుతోంది. రంజాన్ నెలలో రసీదుబుక్కులు పట్టుకుని మదరసాల తరఫున ఎంతోమంది వస్తారు. పక్కసందులో అప్పులపాలైన ఇంటి తలుపు కొట్టే జకాత్ తక్కువ. మౌల్వీ సాబ్‌లు వడ్డీ కట్టేవాణ్ణి గద్దించినంత గట్టిగా కట్నం తీసుకునేవాణ్ణి గద్దించడం మేము వినలేదు.

తర్వాత ప్రభుత్వమే పొదుపు నేర్పుతానంది. సారా వ్యతిరేక ఉద్యమం వెంట నెల్లూరులో రోజుకో రూపాయి పొదుపు పథకం వచ్చింది. పేరు పొదుపులక్ష్మి. మంచి పథకమే. పేరు పెట్టేటప్పుడు ఆ రూపాయి వేసే ఫాతిమా ఎవరికీ గుర్తురాలేదు, అంతే. డ్వాక్రా గ్రూపులు మా పేటల్లోకీ వచ్చాయి. వాటి వెనకే మైక్రోఫైనాన్స్ కంపెనీలొచ్చాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, ఒకరి కంతు కట్టకపోతే పదిమందిని ఆ గుమ్మంలో కూర్చోబెట్టాయి. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు సుమారు 50 శాఖలు మూయించారు. 2010లో రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది. 2015 డిసెంబరులో బెజవాడ కాల్‌మనీ బయటపడింది. అప్పు తీర్చలేని ఆడవాళ్ళ మీద ఏమేం జరిగిందో పేపర్లలో చదివి ఊరంతా ఉలిక్కిపడింది. మా పేటల్లో ఉలిక్కిపడినవాళ్ళు తక్కువ. కొన్ని ఇళ్ళు రాత్రికి రాత్రి ఎందుకు ఖాళీ అయ్యాయో అప్పటికే తెలుసు.

కంపెనీల గ్రూపుకీ, మా డబ్బా చీటీకీ పైకి తేడా కనపడదు. రెంటిలోనూ ఆడవాళ్ళే, రెంటిలోనూ పూచీ ఒకరికొకరే. చీటీలో కంతు తప్పిన ఆమె గుమ్మంలో కూర్చునేవాళ్ళు లేరు. మిగిలినవాళ్ళు తలా పాతిక వేసి ఆ నెల దాటించేవాళ్ళు, ఆమె తర్వాత ఇచ్చేది. ఇవ్వలేని ఇల్లూ ఉంది, చీటీ మధ్యలో మునిగిన పేటలూ ఉన్నాయి. అన్నీ పాలూ తేనే అని మేము చెప్పడం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. నీళ్ళు దిగాక గుమ్మాల ముందు ఉబ్బిన దూది పరుపులు, బురద నిండిన ఆటోలు, ఆ ఆటోల మీద ఇంకా తీరని కంతులు. గోడమేకుకి వేలాడిన నోటుబుక్కులు కొన్ని తడిసి అంకెలు కలిసిపోయాయి. ఇవ్వవలసినవాళ్ళూ రావలసినవాళ్ళూ ఒకచోట కూర్చుని, జ్ఞాపకం మీద ఆ పద్దు మళ్ళీ రాసుకున్నారు.