న్యాయపీఠము దిగిన న్యాయవాది

ప్రభుత్వోద్యోగమును విడిచి స్వతంత్రముగా వకీలువృత్తి నవలంబించువారిపై లోకము రెండు నిందలు మోపును. ధనాశచే పోయెనని యొకటి; కొలువులో గడించిన పలుకుబడిని విక్రయించుచున్నాడని మరియొకటి. ఈ రెండును ఒక్కటి కావు. అమెరికాలో ఛార్లెసు ఈవాన్సు హ్యూసుగారి చరిత్రమును చూచినచో వీని భేదము తెలియగలదని మేము తలచుచున్నాము.

హ్యూసుగారు 1862లో న్యూయార్కు రాష్ట్రమున ఒక మతబోధకునికి జన్మించిరి. 1905లో జీవితభీమా కంపెనీల వ్యవహారములను విచారించుటకు ఆ రాష్ట్ర శాసనసభవారు నియమించిన సంఘమునకు న్యాయవాది యైరి. భీమాదారుల సొమ్ము రాజకీయ పక్షముల ఎన్నికల ఖర్చులకు పోయినదని కంపెనీల పెద్దల నోటనే చెప్పించిరి. అందు తమ రిపబ్లికను పక్షమునకు ముట్టినదియు కలదు, దానిని దాచలేదు. ఆ కీర్తితో 1906 ఎన్నికలో గవర్నరుగా గెలిచి, 1910లో దేశపు సుప్రీముకోర్టు న్యాయాధిపతులలో నొకరైరి.

1916 జూను 10వ తేదీన అధ్యక్షపదవికి పోటీచేయుటకై ఆ పీఠమును విడిచిరి. 254 ఓట్లు మాత్రమే వచ్చినవి; విల్సనుగారికి 277 వచ్చినవి. పదవియు లేదు, పీఠమును లేదు. మరల వకీలైరి.

ఇక్కడనే చిక్కున్నది. నిన్నటిదాక తాము కూర్చున్న ధర్మాసనము నెదుట, నిన్నటి సహోద్యోగులను సంబోధించుచు, వారు వాదింపసాగిరి. అమెరికా శాసనము దీనిని నిషేధింపలేదు. మన రాజ్యాంగ మట్లు కాక, సుప్రీముకోర్టు న్యాయాధిపతిగా నుండినవారు దేశమున ఏ కోర్టులోను వాదింపరాదని 1950లోనే కట్టుబాటు చేసినది. ఇది అధికమని కొందరందురు. మాకట్లు తోచదు. ప్లీడరుగారికి చట్టమెంత వచ్చునని గాక, జడ్జీగారితో చనువెంత యని విచారించు కక్షిదారులను మన కోర్టుల చెట్లనీడలలో చూడనివారెవరు? ఆ చనువు నిజముగా పనిచేయకపోవచ్చును. పనిచేయునని ప్రజ నమ్ముటయే న్యాయమునకు చాలినంత హాని.

అయినను వీరిని ధనదాసుడనుట అన్యాయము. 1920లో న్యూయార్కు శాసనసభ, తన సభ్యులలో ఐదుగురిని సోషలిస్టులన్న కారణముచే వెలివేయబూనినప్పుడు, ఆ మతము తమకు గిట్టకున్నను, న్యాయవాదుల సంఘము పక్షమున వారికై నిలిచినది హ్యూసుగారే. సభ వినలేదు, ఐదుగురును బహిష్కృతులైరి.

1921 మొదలు 1925 వరకు విదేశాంగమంత్రిగా నుండి, అరువదిరెండేండ్ల ప్రాయమున మూడవమారు వకీలువృత్తికి వచ్చిరి. ఈమారు కక్షిదారులలో గొప్ప కంపెనీలు పెక్కు. 1930లో హూవరుగారు వీరిని ప్రధాన న్యాయాధిపతిగా నియమింపగా సెనేటులో తుపాను రేగెను. నెబ్రాస్కా సభ్యుడు నారిసుగారు లేచి, ఇన్నేండ్లు కోటీశ్వరుల పక్షమున వాదించినవాడు పీఠముపై నుండియు లోకమును వారి కన్నులతోనే చూడడా యని ఆక్షేపించెను. రాజకీయమునకై ఒకమారు పీఠమును విడిచినవారికి దానిని మరల నీయదగునా యనువారును ఉండిరి. కడకు 26 మంది కాదనగా, 52 మంది ఔననిరి.

నారిసుగారి భయము ఊరక పుట్టినది కాదు. 1935లో రూజువెల్టుగారి పరిశ్రమల పునరుద్ధరణ చట్టమును కొట్టివేసిన తీర్పు హ్యూసుగారు వ్రాసినదే. కాని 1931లో పత్రికాస్వాతంత్ర్యమును నిలిపిన తీర్పును, 1937లో స్త్రీల కనీసపు కూలిని చట్టబద్ధమని నిలిపిన తీర్పును వారు వ్రాసినవే. ఒకప్పటి కక్షిదారులను బట్టి న్యాయాధిపతిని కొలుచుట సులభము కాదు. వకీలు గొంతు అద్దెకు తీసికొనినది. అతని బుద్ధి అట్లు కానక్కరలేదు. నారిసుగారు సొమ్మును గూర్చి అడిగిరి. పీఠము దిగి ఆ పీఠము నెదుటనే నిలుచుటను గూర్చి అంతకంటె గట్టిగా అడుగవలసియుండెనని మా యభిప్రాయము.

ఆ సంవత్సరమే మరియొక సంగతి జరిగినది. వారి కుమారుడు, తండ్రి పేరే పెట్టుకొన్నవాడు, అప్పటికి సొలిసిటరు జనరలుగా నుండెను. సుప్రీముకోర్టులో ప్రభుత్వపు వ్యాజ్యములు నడుపుట ఆ యుద్యోగి పని. తండ్రి అధ్యక్షత వహించు కోర్టులో తాను ప్రభుత్వపక్షమున నిలుచుట తగదని, ఆతడు రాజీనామా యిచ్చి న్యూయార్కులో తన వకీలువృత్తికి మరలిపోయెను.