ఏర్పాటు సిద్ధాంతం: ఒక క్రైస్తవ వివాద చరిత్ర

రక్షణ పొందేవారిని దేవుడు లోకం పుట్టకముందే ఏర్పరచుకున్నాడా, లేక ఎవరు విశ్వసిస్తారో ముందే ఎరిగి వారిని ఏర్పరచుకున్నాడా అన్నదానిపై క్రైస్తవ సంఘంలో పదహారు వందల ఏళ్లుగా సాగుతున్న వాదమే ఏర్పాటు వివాదం. దీనికే ముందు నిర్ణయ వివాదమని కూడా పేరు. ఇది కృపను నమ్మేవారికీ మనిషి క్రియలను నమ్మేవారికీ మధ్య తగవని తరచు చెబుతారు. అది పొరపాటు. ఇందులో పేరున్న పక్షాలన్నీ, బహుశా మొదటి ప్రతివాది పెలాజియస్‌తో సహా, రక్షణ దేవుని కృపేనని చెప్పినవే. అసలు చిక్కు వేరు. ఒకే ప్రసంగం విన్న ఇద్దరిలో ఒకడు విశ్వసిస్తాడు, ఒకడు విశ్వసించడు. ఆ తేడా ఎక్కడ పుట్టింది? దేవునిలోనా, వినేవాడిలోనా?

రెండు వైపులవారూ లేఖనాలనే చూపుతారు. రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు, ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం ఒక పక్షానికి ఆధారం. కవలలింకా పుట్టకముందే ఏశావును కాదని యాకోబును ఎన్నుకోవడం, ఫరో హృదయం కఠినపడడం, మట్టిపై కుమ్మరికున్న అధికారం అక్కడి ఉదాహరణలు. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడని చెప్పే తిమోతి మొదటి పత్రిక, ఎవరూ నశించకూడదని ఆయన ఓర్చుకుంటున్నాడనే పేతురు రెండవ పత్రిక రెండో పక్షానికి ఆధారం. ఓరిజెన్, యోహాను క్రిసొస్తొము వంటి తొలినాటి గ్రీకు బోధకులు గ్రహబలం, తలరాత అన్న నమ్మకాలతో పోరాడుతూ మనిషి స్వేచ్ఛనే గట్టిగా చెప్పారు. తూర్పు సంఘాలు నేటికీ ఆ దారిలోనే ఉన్నాయి.

అగస్టీన్, పెలాజియస్

పశ్చిమాన దారి మార్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్ (354–430). అతని మార్పు పెలాజియస్‌తో తలపడ్డాక వచ్చిందని అనుకుంటారు గానీ, అంతకు చాలా ముందే, 396–97 ప్రాంతంలో మిలాన్‌కు చెందిన సింప్లిషియన్‌కు రాసిన జవాబులోనే అది కనిపిస్తుంది. యాకోబు, ఏశావుల కథను విప్పుతూ, విశ్వాసం కూడా దేవుడిచ్చే వరమేనన్న నిర్ణయానికి అతడు అక్కడే వచ్చాడు. మనిషి స్వేచ్ఛ పక్షాన ఎంతో పెనుగులాడాననీ, చివరికి కృపే గెలిచిందనీ వృద్ధాప్యంలో తన రచనలను తిరిగి చూసుకుంటూ చెప్పాడు.

పెలాజియస్ బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన సన్యాసి, నియమనిష్ఠలకు పేరుపొందినవాడు. ఆజ్ఞాపించేదీ, ఆ ఆజ్ఞ పాటించే శక్తినిచ్చేదీ దేవుడే కావాలన్న అగస్టీన్ ప్రార్థన అతనికి నచ్చలేదు. సోమరి క్రైస్తవులకు అది సాకు అవుతుందని అతని భయం. 410లో గోతుల రాజు అలారిక్ రోమును దోచుకున్నప్పుడు పెలాజియస్ ఆఫ్రికా మీదుగా పాలస్తీనా చేరాడు. 415లో అక్కడి సభ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. 418లో కార్తేజ్ సభ అతని బోధను ఖండించింది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఎందుకివ్వాలన్నదే ఆ వాదంలో అగస్టీన్ చేతిలోని బలమైన ఆయుధం: జన్మపాపమే లేకపోతే ఆ కర్మకు అర్థమేముంది?

ఈ చరిత్రలో ఎక్కువ శ్రద్ధతో చదవాల్సింది ఆ తర్వాతి ఘట్టమని నా అభిప్రాయం. 426 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోనే ఉన్న హాడ్రుమెటమ్ మఠంలోని సన్యాసులు అగస్టీన్ రచనలు చదివి కలవరపడ్డారు. అంతా కృప వల్లే జరిగితే, తప్పు చేసిన సోదరుణ్ణి మఠాధిపతి మందలించడమెందుకు, అతని కోసం ప్రార్థించి ఊరుకుంటే చాలదా అని వారడిగారు. వారు తర్కం కోసం అడగలేదు, రోజూ కలిసి బతికేవారికి ఎదురయ్యే సమస్యనే ముందుపెట్టారు. మందలింపు కూడా కృప వాడుకునే సాధనమేనని అగస్టీన్ బదులు రాశాడు. మార్సెయిల్ ప్రాంతపు సన్యాసులకు అది చాలలేదు. కనీసం మొదటి అడుగైనా, సాయం కోసం చేయి చాచడమైనా మనిషిది కావాలని వారు పట్టుబట్టారు. వారికోసం 428–29లో రెండు గ్రంథాలు రాసి, వాండలులు హిప్పోను ముట్టడించి ఉండగా 430లో అగస్టీన్ కన్నుమూశాడు.

నూరేళ్లకు, 529లో, ఆర్ల్ బిషప్ సీజరియస్ నాయకత్వంలో ఓరెంజ్ సభ ఒక తీర్పు చెప్పింది. విశ్వాసపు తొలి అంకురం కూడా కృపే. అయితే దేవుడు ఎవరినైనా చెడుకు నియమించాడని చెప్పేవారు శాపగ్రస్తులు. ఏర్పాటు ఎలా జరుగుతుందో మాత్రం సభ చెప్పలేదు. మధ్యయుగంలో చాలాకాలం ఈ తీర్మానాలే మరుగున పడిపోయాయి.

గోట్‌షాక్ శిక్ష

తొమ్మిదో శతాబ్దపు గోట్‌షాక్‌ను తల్లిదండ్రులు చిన్నతనంలోనే ఫుల్డా మఠానికి సమర్పించారు. పెద్దయ్యాక ఆ బంధం నుంచి విడిపించమని సభను వేడుకున్నాడు. మఠాధిపతి రబానస్ మౌరస్ అడ్డుపడ్డాడు. తన జీవితాన్ని తానెంచుకోలేకపోయిన ఆ మనిషే తర్వాత అగస్టీన్‌ను లోతుగా చదివి, కొందరు జీవానికీ కొందరు శిక్షకూ నియమితులని బోధించాడు. 848లో మైంజ్‌లో అదే రబానస్, అప్పటికి ఆర్చిబిషప్, అతన్ని ఖండించి రైమ్స్ ఆర్చిబిషప్ హింక్‌మార్‌కు అప్పగించాడు. 849లో కియెర్సీ సభ అతన్ని కొరడాలతో కొట్టించి, అతని రాతలను అతని చేతే మంటల్లో వేయించి, ఓవిలేర్ మఠంలో బంధించింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, మాట మార్చుకోకుండానే, అతడక్కడే చనిపోయాడు.

కొరడాతో వాదం ముగియలేదు. హింక్‌మార్ సాయం కోరితే పండితుడు జాన్ స్కోటస్ ఎరిజెనా రాసిన గ్రంథం రెండు పక్షాలనూ బెదరగొట్టింది. 853లో కియెర్సీ ఒకటి చెబితే 855లో వాలెన్స్ సభ దానికి ఎదురు చెప్పింది. చివరికి అలసటే సంధి కుదిర్చింది.

సంస్కరణ కాలం

1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ, మరుసటి ఏడు లూథర్ దాన్ని ఖండిస్తూ పుస్తకాలు రాశారు. అసలు విషయాన్ని పట్టుకున్నది నువ్వొక్కడివే అని లూథర్ ప్రత్యర్థిని మెచ్చుకున్నాడు కూడా. అయితే 1577 నాటి లూథరన్ ఒప్పంద సూత్రం రక్షణకు ఏర్పాటును ఒప్పుకుని, నాశనానికి ఏర్పాటును తోసిపుచ్చింది.

ఈ సిద్ధాంతానికి జాన్ కాల్విన్ పేరే అంటుకుపోయింది. కానీ ఇది అతని ఆలోచనకు పునాదిరాయి అన్న ప్రచారం అతిశయోక్తి. అతని మహాగ్రంథపు 1559 ప్రతిలో ఈ చర్చ మూడో భాగం చివర్లో, ప్రార్థన గురించిన అధ్యాయం తర్వాత వస్తుంది. విశ్వాసి వెనక్కి తిరిగి తన రక్షణ ఎక్కడ మొదలైందో చూసుకునే చోట అతడు దాన్ని పెట్టాడు. ఈ నిర్ణయం భయంగొలిపేదని తానే రాశాడు. అయినా వెనక్కి తగ్గలేదు. 1551లో జెరోమ్ బోల్సెక్ అనే వైద్యుడు, ఒకప్పటి కార్మెలైట్ సన్యాసి, ఈ బోధ దేవుణ్ణి పాపానికి కర్తను చేస్తుందని జెనీవాలో బహిరంగంగా అన్నాడు. అతన్ని జైల్లో పెట్టి, ఆ ఏడాది చివర్లో నగర బహిష్కారం విధించారు. సలహా అడిగిన ఇతర స్విస్ నగరాలు కాల్విన్ ఆశించినంత గట్టిగా వెనక నిలవకపోవడం గమనించదగ్గది.

కతోలిక సంఘంలోనూ ఇదే కలహం రేగింది. కృపకూ మనిషి స్వేచ్ఛకూ పొత్తు కుదర్చజూసిన జెసూట్ లూయిస్ డి మోలీనా 1588 గ్రంథంపై జెసూట్లూ డొమినికన్లూ తలపడ్డారు. రోములో ఏళ్ల తరబడి విచారించి, 1607లో పోప్ ఐదవ పాల్ ఎవరినీ తప్పుపట్టకుండా, ఒకరినొకరు నిందించుకోవద్దని ఆజ్ఞాపించాడు. అగస్టీన్ బోధపై బిషప్ జాన్సెన్ రాయగా 1640లో వెలువడిన గ్రంథం మళ్లీ ఫ్రాన్స్‌లో తరాలపాటు నిప్పు రాజేసింది.

డోర్ట్

లైడెన్ ఆచార్యుడు జేకబ్ ఆర్మీనియస్ 1609లో చనిపోయాక, అతని అనుచరులు 1610లో ఐదు అంశాల విన్నపం ఒకటి ప్రకటించారు. దేవుడు ఏర్పరచుకున్నది విశ్వసించేవారిని. క్రీస్తు అందరికోసం చనిపోయాడు. కృప లేనిదే మనిషి ఏ మంచీ చేయలేడు. ఆ కృపను మనిషి ఎదిరించగలడు. విశ్వాసి తొలగిపోగలడా అన్నది ఇంకా పరిశీలించాలి. మూడో అంశం చూస్తే వీరిని పెలాజియస్ వారసులనడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

అప్పుడు డచ్చి దేశం స్పెయిన్‌తో పన్నెండేళ్ల యుద్ధవిరామంలో ఉంది. సంధి పక్షపు పెద్ద ఓల్డెన్‌బార్నెవెల్ట్ ఆర్మీనియస్ అనుచరులను కాపాడాడు. సేనాని మారిస్ ఎదుటి పక్షం చేరాడు. 1618లో మారిస్ ప్రత్యర్థులను బంధించాక, నవంబరులో డోర్ట్ అని కూడా పిలిచే డోర్డ్రెక్ట్‌లో సభ తెరిచారు. ఇంగ్లండ్, జర్మన్ రాజ్యాలు, జెనీవా నుంచీ ప్రతినిధులు వచ్చారు. విన్నపం పక్షంవారు అక్కడ సభ్యులు కారు, ముద్దాయిలు. 1619 జనవరిలో అధ్యక్షుడు బోగర్‌మన్ వారిని కోపంతో బయటికి పంపేశాడు. మే 13న హేగ్‌లో డెబ్బై ఒక్క ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికారు. యావజ్జీవ ఖైదు పడిన న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని కోట నుంచి తప్పించుకున్నాడు.

ఇంత కాఠిన్యం నడుమ ఆ సభ చేసిన తీర్మానాల్లో ఒకటి మనసును తాకుతుంది. పసితనంలో చనిపోయిన బిడ్డల ఏర్పాటును, రక్షణను భక్తిగల తల్లిదండ్రులు శంకించకూడదని మొదటి భాగం చివర్లో రాసుకున్నారు. బిడ్డలను పోగొట్టుకోని ఇల్లు అరుదైన ఆ కాలంలో కాపరులు ఏ గడపలో నిలబడి ఏమి వినేవారో ఆ వాక్యంలో తెలిసిపోతుంది.

వెస్లీ నుంచి సెరాంపూర్ దాకా

1739లో జాన్ వెస్లీ ఉచిత కృపపై చేసిన ప్రసంగం అతన్ని మిత్రుడు జార్జ్ వైట్‌ఫీల్డ్‌కు దూరం చేసింది. కాల్విన్ బోధను నమ్మిన వైట్‌ఫీల్డ్ కూడా బయళ్లలో వేలమందిని రమ్మని పిలిచినవాడే. 1770లో అతడు పోయినప్పుడు లండన్‌లో స్మారక ప్రసంగం చేసింది వెస్లీ.

ఇంగ్లండ్ బాప్తిస్టుల్లో కొందరు మాత్రం ఏర్పాటును చివరిదాకా లాగి, విశ్వసించమని అందరినీ ఆహ్వానించడమే తగదన్నారు. ఆండ్రూ ఫుల్లర్ 1785లో ఆ బోధను ఖండించాడు. ఏర్పాటు ఉన్నా, సువార్త విన్న ప్రతివాడికీ విశ్వసించే బాధ్యత ఉందన్నాడు. ఆ వాదం మీద నిలబడే విలియం కేరీ 1792లో మిషనరీ పిలుపునిచ్చి బెంగాలుకు వచ్చాడు. అతని సెరాంపూర్ ముద్రణాలయం 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చువేసింది. ఆ వాదంలో ఫుల్లర్ ఓడివుంటే ఆ పుస్తకం అక్కడి నుంచి వచ్చేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ బార్త్ 1942లో చర్చనే మలుపు తిప్పాడు. దేవుడు ఏర్పరచుకున్నదీ, తీర్పుకు అప్పగించినదీ మొట్టమొదట క్రీస్తునే అన్నాడు. 1973 లాయెన్‌బర్గ్ ఒప్పందంలో ఐరోపా లూథరన్, రిఫార్మ్డ్ (కాల్విన్ సంప్రదాయపు) సంఘాలు ఈ విషయంలో పాత ఖండనలు ఇప్పటి అవతలి పక్షానికి వర్తించవని ప్రకటించాయి.

దక్షిణ భారతం అంతకుముందే అడుగు వేసింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆంగ్లికన్లతో పాటు కాల్విన్ సంప్రదాయపు ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలూ, వెస్లీ సంప్రదాయపు మెథడిస్టులూ చేరారు. లండన్ మిషన్ పనిచేసిన రాయలసీమ, వెస్లియన్ మిషన్ పనిచేసిన మెదక్ ఒకే సంఘంలోకి వచ్చాయి. ఏర్పాటుపై ఒక్క మాట మీదికి రావాలన్న షరతు ఎవరూ పెట్టలేదు. తెలుగు బోధకుల మధ్య ఈ వాదం ఇప్పుడు ఎక్కువగా వినిపించేది డోర్ట్ ఐదో అంశం రూపంలోనే: ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా?