చెయ్యి పెట్టకుండా పాల మెషీన్ కడగడం ఎలా మొదలైంది?

పాలగిన్నె అడుగంటితే ఏం చేస్తాం? వేడినీళ్లు పోసి నానబెట్టి, సబ్బేసి పీచుతో తోముతాం. ఒకప్పుడు డెయిరీల్లోనూ ఇంతే. పైపులు, వాల్వులు విప్పడం, బ్రష్‌తో తోమడం, మళ్లీ బిగించడం. ఒక్క వాల్వులో మురికి మిగిలినా, పాశ్చరైజ్ చేసిన పాలు కూడా అక్కడ మళ్లీ పాడయ్యేవి.

1950లలో అమెరికా డెయిరీలు రూటు మార్చాయి. బిగించిన పైపుల్లోకే వేడి కాస్టిక్ సోడా పంపారు, అది కొవ్వు, ప్రోటీన్‌లను వదిలిస్తుంది. తర్వాత యాసిడ్, అది గట్టిపడ్డ ఖనిజాలను కరిగిస్తుంది. దీన్నే క్లీన్-ఇన్-ప్లేస్, సీఐపీ అంటారు. మరి తోమేదెవరు? సెకనుకి సుమారు 1.5 మీటర్ల వేగంతో పారే ఆ ద్రవమే!

1959లో జర్మనీలో హెర్బర్ట్ సిన్నర్ దీనికో లెక్క చెప్పాడు: కెమికల్, వేడి, టైమ్, రాపిడి. ఒకటి తగ్గిస్తే మిగతావి పెంచాలి. మనం గిన్నె నానబెట్టేదీ అందుకే.

ఫిల్లింగ్ మెషీన్‌తోనే అసలు చిక్కు. నాజిల్ తెరిస్తే ద్రవం కింద పోతుంది, వెనక్కి రాదు. అందుకే నాజిల్‌కి డమ్మీ కప్పు తొడిగి, దారి మూసి, వెనక్కి తిప్పుతారు. 1969లో మోడికాన్ 084 లాంటి పీఎల్‌సీలు వచ్చాక, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో ప్రోగ్రామే చూసుకునే రోజులొచ్చాయి.

కోడ్ రాసినోడిగా ఒక్క మాట. స్క్రీన్ మీద ‘క్లీనింగ్ పూర్తి’ అని వచ్చినా, ద్రవం చేరని మూల మురికిగానే ఉంటుంది. ఆ మూలని వెతకాల్సింది ఇప్పటికీ మనిషే.