మూలమెక్కడ? ఒకే వరుసకు రెండు గొంతులు: ఆలూరు సీమ నేపథ్యంలో ఒక పరిశీలన

ఒకే పాట రెండు గొంతుల్లో దొరికినప్పుడు శ్రోత వాటిని పోల్చకుండా ఉండలేడు. ఆ పోలిక చివర ఎక్కువగా వినిపించే తీర్పు ఒక్కటే: మొదటిదే బాగుంది. అయితే ఈ 'మొదటిది' అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పాట మొదట ఏ భాషలో, ఎవరి చేతిలో పుట్టింది అన్నది ఒకటి. శ్రోత చెవిన అది మొదట ఏ గొంతులో పడింది అన్నది మరొకటి. తొలి పుట్టుక చరిత్రకు సంబంధించిన విషయం. తొలి వినికిడి జ్ఞాపకానికి సంబంధించిన విషయం. ఒకే భాష, ఒకే రేడియో కేంద్రం, ఒకే రకం సినిమాలు ఉన్నచోట ఈ రెండూ కలిసే నడుస్తాయి కనుక వాటి మధ్య తేడా కనబడదు. భాషలు కలిసే అంచుల్లో ఆ తేడా బయటపడుతుంది. మూలగానాన్ని, పునర్గానాన్ని (నేటి వ్యవహారంలో కవర్ వెర్షన్‌ను) శ్రోతలు పోల్చే తీరును అటువంటి ఒక అంచు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు సీమ ఇందుకు తగిన చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. నాటి విభజనలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి మైసూరుకు వెళ్లింది. గీత పడింది గాని మాట ఆగలేదు. హాలహర్వి, హొళగుంద వంటి ఊరిపేర్లలోని హకారం కన్నడ ఉచ్చారణను నేటికీ పట్టి ఇస్తుంది. బిజాపూరు సుల్తానుల ఏలుబడిని చూసిన ఆదోనిలో ఉర్దూ మూడో భాషగా స్థిరపడింది. ఇక్కడి శ్రోతకు ఒక సినిమా పాట తెలుగులోనూ, కన్నడంలోనూ, కొన్నిసార్లు హిందీలోనూ అర్థమయ్యే స్థితిలో చేరుతుంది. రాజమండ్రిలోనో గుంటూరులోనో ఉన్న శ్రోతకు పోలిక ఒక ఆసక్తి మాత్రమే కావచ్చు. ఇక్కడ అది 'మనది', 'వారిది' అన్న తగాదాకు సులువుగా దారి తీస్తుంది.

ఈ తగాదా పాతది కాదన్న సంగతి ముందుగా గుర్తించాలి. ధ్వనిముద్రణకు పూర్వం పాట ఎవరిదో చెప్పే గుర్తు గొంతు కాదు, అంకితం. ఎమ్మిగనూరుకు దాపున తుంగభద్ర ఒడ్డునే ఉన్న మంత్రాలయం దాససాహిత్యానికి ఒక ప్రధాన క్షేత్రం. దాసుల పదాల్లో చివర వచ్చే ముద్ర కర్త ఎవరో చెబుతుంది. పాడేవారు ఎవరైనా కావచ్చు, రాగం కూడా మారవచ్చు. పురందరదాసు పదానికి 'అసలు గొంతు' ఏదని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. పదం తెలుగు నోట పలికినా పురందరవిఠలుడి పదమే.

ఇక వరుస సంగతి. పాత నాటకాల ప్రతుల్లోనూ, భజన పుస్తకాల్లోనూ పాటకు పైన 'ఫలానా పాట వరుస' అనో 'ఫలానా మట్టు' అనో అచ్చువేసేవారు. కొత్త సాహిత్యాన్ని ఏ పాత బాణీలో పాడాలో చెప్పడమే దాని పని. 'మట్టు' అన్న మాటను ఇదే అర్థంలో కన్నడ నాటకాలవారూ వాడారు. ఒక భాష బాణీ మరొక భాషలోకి పోవడం అప్పట్లో దొంగతనం అనిపించుకోలేదు; పుస్తకంలో బాహాటంగా రాసుకునే సంగతి అది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ నడిపిన రంగస్థలం ఈ రెండు భాషల నడుమ పుట్టి పెరిగినదే. బళ్లారి నాటకరంగాన్ని తెలుగు నాటక చరిత్రలో ఒక అధ్యాయంగా మాత్రమే చదవడం మనకు అలవాటైంది. ఆ ఊరి ప్రేక్షకుడు ఆ అధ్యాయాన్ని అలా వేరుచేసి చూసి ఉండడు.

గొంతును మూలానికి గుర్తుగా నిలబెట్టింది గ్రామఫోను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి ఇచ్చిన తొలి రికార్డుల చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించుకుంది. రికార్డు తయారుచేసేవారికి గాయని ఎవరో తెలియడానికే ఈ ఏర్పాటు అని చెబుతారు. కారణం ఏదైనా, దాసుల పదంలో కర్త ముద్ర నిలిచిన చోట ఇప్పుడు గాయని పేరు నిలిచింది. ఇక్కడినుంచి పాట అంటే ఒక ప్రత్యేకమైన గొంతు అన్న భావం బలపడింది. రెండో గొంతు వచ్చినప్పుడు దానికి 'నకలు' అన్న పేరు సిద్ధంగా ఉంది.

ఈ నేపథ్యంలో 'భూకైలాస్' కథను చూడాలి. గోకర్ణంలో ఆత్మలింగం నిలిచిపోయిన వృత్తాంతం అది; స్థలం కన్నడ తీరానిది. మైసూరుకు చెందిన సాహిత్య సామ్రాజ్య నాటక మండలి దీనిని కన్నడ నాటకంగా ఆడి పేరు తెచ్చుకుంది. ఆ నాటకం ఆధారంగా ఎ.వి. మెయ్యప్పన్ 1940లో సుందరరావు నాదకర్ణి దర్శకత్వంలో తీసిన చిత్రం మాత్రం తెలుగుది. రావణుడుగా ఎం.వి. సుబ్బయ్య నాయుడు, నారదుడుగా ఆర్. నాగేంద్రరావు నటించారు. ఇద్దరూ కన్నడ రంగస్థలం నుంచి వచ్చినవారే. పద్దెనిమిదేళ్ల తరువాత, 1958లో, ఎ.వి.ఎం. సంస్థే కె. శంకర్ దర్శకత్వంలో ఆ కథను తెలుగులోనూ కన్నడంలోనూ తీసింది. తెలుగులో ఎన్.టి. రామారావు రావణుడు, అక్కినేని నాగేశ్వరరావు నారదుడు. కన్నడంలో రాజ్‌కుమార్, కల్యాణ్‌కుమార్. మండోదరి రెండింటిలోనూ జమునే. సంగీతం ఆర్. సుదర్శనం, ఆర్. గోవర్ధనం.

ఈ చిత్రంలో రామావతార కథను నారదుడు ముందుగానే పాడి వినిపించే పాట ఉంది. తెలుగులో సముద్రాల సాహిత్యానికి ఘంటసాల గొంతు, కన్నడంలో కు.రా. సీతారామశాస్త్రి సాహిత్యానికి శీర్కాళి గోవిందరాజన్ గొంతు. బాణీ ఒకటే. తెలుగువారికి 'రాముని అవతారం', కన్నడిగులకు 'రామన అవతార' ఎంత ఇష్టమైనవో వేరే చెప్పనక్కర లేదు. తెలుగు శ్రోత కన్నడ పాటను విని మన పాటను తీసుకున్నారంటాడు. కన్నడ శ్రోత అదే మాట తిప్పి అంటాడు. పుట్టుకను వెతుక్కుంటూ వెనక్కి వెళితే చిత్రం తెలుగుది, దాని వెనుక నాటకం కన్నడానిది, దాని వెనుక స్థలపురాణం. బాణీ కట్టినవారు తమిళనాడులో పనిచేసినవారు. కన్నడిగులు తమదిగా చెప్పుకునే గొంతు కూడా తమిళుడిదే. ఈ పాట విషయంలో తొలి పుట్టుక ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. మిగిలేది తొలి వినికిడే.

అంతమాత్రాన రెండు పాటలూ ఒకటే అనుకోవడం తొందరపాటు. తేడా భాష స్వభావంలోనే ఉంది, దానిని వినడానికి పల్లవి మొదటి రెండు మాటలే చాలు. తెలుగులో 'అవతారం' అనుస్వారంతో ముగుస్తుంది. అక్కడ పెదవులు మూసుకుంటాయి, నాదం ముక్కులోకి మళ్లుతుంది. కన్నడంలో 'అవతార' అకారంతో ముగుస్తుంది. నోరు తెరిచే ఉంటుంది. ఒకే స్వరం మీద ఒక గాయకుడు గుమ్మనే నాదంతో వాలాడు, మరొకడు విప్పిన గొంతుతో నిలిచాడు. ఘంటసాల మంద్రంలో నిండుగా పలికే గొంతుకు ఆ అనుస్వారం సరిగ్గా అమరింది. పైస్థాయిలో ఖంగున మోగే శీర్కాళి గొంతుకు తెరిచిన అకారం అంతే అమరింది. శ్రోతలు 'గొంతు బాగుంది' అని ఊరుకునే చోట నిజానికి విభక్తి ప్రత్యయాలూ పనిచేస్తున్నాయి. రెండు భాషలూ తెలిసిన ఆలూరు శ్రోతకు ఈ పోలికలో ఉన్న అనుకూలం ఇదే: అతడు అర్థాన్ని పక్కన పెట్టి వినవలసిన అవసరం లేదు, అర్థం కోసం ఒకదానినే పట్టుకోవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ కన్నడ పక్షాన ఒక మాట చెప్పాలి. 1960లలో కర్ణాటకలో డబ్బింగు చిత్రాలకు వ్యతిరేకంగా ఉద్యమం లేచింది. ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడ డబ్బింగు దాదాపు నిలిచిపోయింది. అందువల్ల తెలుగు కథ కన్నడంలోకి పోవాలంటే మళ్లీ తీయాలి, మళ్లీ పాడాలి. పునర్గానం అక్కడ సోమరితనానికి గుర్తు కాదు. తమ నటులకు, తమ గాయకులకు పని నిలుపుకోవడానికి ఎంచుకున్న మార్గం.

తెలుగు శ్రోత 'మొదటిదే బాగుంది' అన్న సూత్రాన్ని తనకు అనుకూలంగా వాడుకునే ఉదాహరణ 'సువర్ణసుందరి'. అంజలీ పిక్చర్స్ పతాకాన వేదాంతం రాఘవయ్య దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1957 మే 10న తెలుగులో విడుదలైంది. సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ రాగాల మాలికగా ఆదినారాయణరావు కూర్చిన 'హాయి హాయిగా' పాటను ఘంటసాల, జిక్కి పాడారు. హిందీ చిత్రంలో అదే స్వరరచన భరత్ వ్యాస్ సాహిత్యంతో 'కుహూ కుహూ' అయింది. పాడినవారు లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ. ఇక్కడ పుట్టుక స్పష్టం. స్వరకర్త ఒక్కడే, తెలుగే ముందు. అయినా తెలుగు నేలకు వెలుపల హిందీ పాటే మూలంగా నిలిచింది.

దానికి కారణం గొంతుల్లో ఎంత ఉందో ప్రసారంలోనూ అంత ఉంది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించినప్పుడు శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా ఆ ఏడాదే మొదలైంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. హిందీ పాటకు దేశమంతా వినికిడి దొరికింది. ఆదోని ఉర్దూ వాడలో ఈ పాట ముందుగా ఏ గొంతులో చేరి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పుట్టుకలో ముందున్న పాట వినికిడిలో వెనుకబడవచ్చు.

ఈ రెండు పాటలను పక్కపక్కన వింటే సాహిత్య విద్యార్థికి తట్టే తేడా మరొకటి ఉంది. తెలుగు పల్లవి మనసులోని అనుభూతిని పేరు పెట్టి చెబుతుంది; హిందీ పల్లవి కోకిల కూతను వినిపిస్తుంది. తెలుగు తెరిచిన ఆకారంతో మొదలైతే హిందీ పెదవులు ముడిచే ఉకారంతో మొదలవుతుంది. బాణీ ఒకటే అయినా పాట ప్రవేశించే ద్వారం మారిపోయింది. లత గొంతులోని సన్నని నైశిత్యం ఆ ఉకారానికి చక్కగా ఒదిగింది. జిక్కి గొంతులో ఉన్న చిరునవ్వును మాత్రం హిందీ పాటలో వెతకకూడదు. రఫీ, లతలు పాడారు కనుక హిందీదే మేలన్న తీర్పు, ఘంటసాల పాడాడు కనుక తెలుగుదే మేలన్న తీర్పు రెండూ పాటను వినకముందే తయారైనవి.

తెలుగు సాహిత్యంలో ఈ రకం పోలిక కొత్తది కాదు. శ్రీహర్షుని నైషధాన్ని శ్రీనాథుడు తెలుగు చేసినప్పుడు, నీ డుమువులు నీవు తీసుకొని మా సంస్కృతం మాకిచ్చేయమని పండితులు పరిహసించారన్నది ప్రచారంలో ఉన్న చాటుకథ. మరీ దగ్గరగా ఉన్నందుకు వచ్చిన ఆక్షేపణ అది. మరీ దూరం పోతే చెడగొట్టాడంటారు. పునర్గానం పాడినవారు నేటికీ ఎదుర్కొనేవి ఈ రెండు మాటలే: అచ్చు అలాగే పాడితే అనుకరణ, మార్చి పాడితే అపచారం. శ్రీనాథుడు తన కృతి చివర తన పద్ధతి చెప్పుకున్నాడు. శబ్దాన్ని అనుసరించడంతో మొదలుపెట్టి, అభిప్రాయం, భావం, రసం మీదుగా ఔచిత్యం దాకా వెళ్లాడు. శ్రోతల పోలికలు చాలావరకు ఆ జాబితాలో మొదటి మెట్టు దగ్గరే, శబ్దం దగ్గరే ఆగిపోతాయి. శీర్కాళి పాట ఘంటసాల పాటలా లేదన్నది శబ్దాన్ని గురించిన మాట. ఆ సన్నివేశంలో నారదుడికి ఏ గొంతు ఉచితం అన్నది వేరే ప్రశ్న.

చట్టం ఈ మూలాన్ని మరొక రీతిగా చూసింది. 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(జె) నిబంధన కొన్ని షరతులతో పాత పాటను కొత్తగా రికార్డు చేసుకోనిచ్చింది. 1980లలో క్యాసెట్ల వ్యాపారం, ముఖ్యంగా టి-సిరీస్, ఈ దారిలోనే పాత పాటలను కొత్త గొంతులతో చవకగా అమ్మింది. నిర్మాత కోసం కూర్చిన సినిమా పాటకు తొలి హక్కుదారు నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గాయకులకు ప్రదర్శకులుగా హక్కులు 1994 సవరణతో గాని రాలేదు. అంటే శ్రోత దృష్టిలో పాట గాయకుడిది, చట్టం దృష్టిలో నిర్మాతది. బాణీ కట్టిన ఆదినారాయణరావు వంటివారు ఈ రెంటి నడుమ కనబడకుండా పోయారు. 2012 సవరణ స్వరకర్తకు, కవికి రాయల్టీలో విడదీయరాని వాటా కల్పించింది. అదే సవరణ 31సి విభాగంతో కవర్ వెర్షన్‌కు తొలి రికార్డు వచ్చిన సంవత్సరాంతం నుంచి ఐదేళ్ల గడువు పెట్టింది. దాని అట్ట మీద ముందు పాడినవారి పేరు గాని బొమ్మ గాని ఉండకూడదని, అది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలని ఆదేశించింది. కొనేవాడు గొంతును బట్టే కొంటాడన్న ఎరుక ఈ నిబంధనలో ఉంది. తొలి వినికిడికి చట్టం ఇచ్చిన గుర్తింపుగా దీనిని చదవవచ్చు.

గొంతే మూలమన్న ఈ సూత్రం కూడా ఒకచోట తడబడుతుంది. 'సువర్ణసుందరి' తమిళ రూపం 'మణాళనే మంగైయిన్ భాగ్యం' 1957లోనే వచ్చింది. అందులో ఇదే రాగమాలికను తమిళ సాహిత్యంతోనూ ఘంటసాలే పాడాడు. తెలుగులో 'పిలువకురా' పాడిన పి. సుశీలే దాని తమిళ పాటనూ పాడింది. గొంతును బట్టి చూస్తే రెండూ మూలాలే, సాహిత్యాన్ని బట్టి చూస్తే ఒకటి అనువాదం. తమిళ శ్రోతలు మాత్రం ఆ పాటలను తెలుగు నుంచి వచ్చినవిగా ఎంచి పక్కన పెట్టలేదు. తాము మొదట విన్న పాటలుగానే ఉంచుకున్నారు.