చారిత్రక కల్పనయు బొబ్బిలి వృత్తాంతమును

కల్పనకు హద్దులు లేవు. మనసునకు దోచిన రాజును, దోచిన రాజ్యమును సృజింప గవి కధికారము కలదు. అట్లుండగా గొందఱు రచయితలు జరిగిపోయిన యొక దినమును, నిజముగా జీవించి మరణించిన యొక మనుష్యుని వెదకికొని పోయి, తిథివారములకును శాసనములకును దమ్ము దాము బద్ధులను గావించుకొనుట యేల? ఈ ప్రశ్నకు సాధారణముగా మూడు సమాధానములు చెప్పబడుచుండును. పూర్వవైభవముపై నభిమానము మొదటిది. స్వజనులకు బౌరుషము నుద్బోధింపవలె నను నాశ రెండవది. కథావస్తువు సిద్ధముగా లభించుట మూడవది. ఈ మూడును సత్యములే. కాని చరిత్రమున వేలకొలది యుద్ధములు జరిగియుండగా గవులు కొన్నింటికడకు మాత్రమే మరల మరల బోవుటకు గారణ మేమో యివి చెప్పజాలవు.

తెలుగు నవల తొలినాళ్లను బరికించినచో నీ విషయము స్పష్టపడును. 1896వ సంవత్సరమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు హేమలతను రచించినపుడు వారి దృష్టి రాజపుత్రస్థానముపై బ్రసరించినది. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి పోటీలు పెట్టి బహుమానము లొసగి చారిత్రకనవలను బోషింపగా, కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి విజయనగర సామ్రాజ్యము మొదలగునవి వెలువడినవి. ఇవి తుంగభద్రాతీరమందలి విజయనగరపు గథలు. కళింగసీమలో బూసపాటివారు 1713లో కోట కట్టుకొన్న విజయనగరము వేఱు. ఈ రెండవ విజయనగరపు బొరుగుననే, ఇంగ్లీషు నవల తెలుగుదేశమున నడుగిడకమున్నే, యే మండలియు బహుమాన మీయకయే, యొక చారిత్రకకథ పుట్టి పెరిగినది. అది బొబ్బిలి కథ. రచయిత నాకర్షించు శక్తి యెక్కడ నున్నదో తెలిసికొనుట కింతకంటె దగిన దృష్టాంతము దొరకదు.

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన పరాసు సేనాని బుస్సీ, విజయనగర ప్రభువైన పూసపాటి పెదవిజయరామరాజుతో గూడి, బొబ్బిలికోటను ముట్టడించెను. కోట నిలువదని నిశ్చయమైన వెనుక, లోని వెలమదొరలు తమ స్త్రీలను శిశువులను దామే వధించి, చివరివఱకు బోరి మడిసిరి. రంగరాయడు రణమున గూలెను. కొలదిదినములలోనే విజయరామరాజు తన గుడారమున నిద్రించుచుండగా బొబ్బిలివారి కత్తులకు బలియయ్యెను. కుంపిణీ కొలువున చెన్నపట్టణమున నుండిన రాబర్టు ఓర్ము, 1778లో వెలువడిన తన చరిత్రగ్రంథపు రెండవ సంపుటమున నీ వృత్తాంతమును విపులముగా వ్రాసియున్నాడు.

ఓర్ము చెప్పిన వైరకారణము మిక్కిలి సామాన్యమైనది. ఇరుగుపొరుగు సంస్థానముల నడుమ హద్దుల తగవును, వాగునీటి తగవును. బొబ్బిలివారు వాగుల నీటిని దమ పొలములకు మరల్చుకొనుచుండిరనియు, విజయరామరాజునకు వారిపై గసి పెరుగుట కది యొక హేతువనియు నతడు వ్రాసెను. తరువాత బుస్సీ, పితృపితామహాగతమైన బొబ్బిలిని విడిచినచో నంతకంటె నెక్కువ విలువగల భూము లన్యత్ర మిత్తునని రంగరాయని కడకు వర్తమాన మంపెననియు, రంగరాయ డది తిరస్కరించెననియు నతడు తెలిపెను.

ఇచ్చటనే చరిత్రకారుని మార్గమును గవి మార్గమును వేఱగుచున్నవి. చరిత్రకారునకు నీటితగవు ముఖ్యము. అది లేనిదే యుద్ధమునకు హేతువు గానరాదు. కాని ప్రజల జ్ఞప్తిలో నీటి మాట నిలువలేదు. పెద్దాడ మల్లేశము కూర్చిన బొబ్బిలికథను జంగములు పాడిన నాడును, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును బ్రబంధముగా సంతరించిన నాడును, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారును వేదము వేంకటరాయశాస్త్రిగారును వేర్వేఱుగ నాటకములు రచించిన నాడును, శ్రోతల హృదయమును బట్టినది వాగు కాదు, ఆ తిరస్కారము. ఎక్కువ భూమి యిత్తు నన్నను దన నేలను విడువనన్న మాట. లెక్కకు నిలువని యా నిర్ణయమును జరిత్రకారుడు నమోదు చేయగలడు; దాని లోపలికి బోజాలడు. ఆ రాత్రి కోటలో నెవ్వ రేమనుకొనిరి? చావనున్న తల్లి బిడ్డతో నేమి పలికెను? చంపవలసిన భర్త చేయి వణకెనా, లేదా? వీని కేవిధమైన కాగితమును లేదు. వ్రాయగలవారు కోట వెలుపల నుండిరి. అనుభవించినవారు లోపలనే కాలిపోయిరి.

చారిత్రక కల్పనకు జన్మస్థానమిదియే. ఫలిత మేమో నిశ్చయముగా దెలిసి, దానిని దెచ్చిన హృదయము తెలియనిచోట రచయిత నిలువజాలడు. ఏమియు దెలియనిచోట నత డేమి చెప్పినను జెల్లును. కావున నచ్చట నతనికి బాధ్యత లేదు. అంతయు దెలిసినచోట జెప్పవలసినది లేదు. మరణము రూఢమై, మాట లుప్తమైన ఘట్టమే యతనిని బిలుచును. రాణి మల్లమ్మదేవి నాటకరంగమున మాటాడినపుడెల్ల, వ్రాతలోనికి రాక మాసిపోయిన వందలాది స్త్రీల గొంతు నరువు తెచ్చుకొని మాటాడుచున్నది. ఆ ఋణమును దీర్పవలె నను తహతహయే రచయితను బాతకోటల చుట్టును ద్రిప్పును. వైభవాభిమానము దాని తరువాతి మాట.

కల్పన పనిచేయు తీరునకు మఱియొక యుదాహరణము కలదు. ఓర్ము వ్రాతలో విజయరామరాజు వధకు శపథము చేసినవారు నలుగురు యోధులు. వారిలో నిద్దఱు గుడారమున జొచ్చి పని నెఱవేర్చి యచ్చటనే హతులైరి. వారు విఫలులైనచో దక్కిన యిద్దఱును బూనుకొనవలసియుండెను. జనశ్రుతిలో నీ నలుగురును గలసి యొక్కడైరి. అతడే తాండ్ర పాపారాయడు. రాజాములో నుండి, వార్త యాలస్యముగా జేరి, వచ్చునప్పటికి గోట బూడిదయై యుండగా బగ దీర్చుకొన్న వీరుడుగా నతడు కథలకెక్కెను. ఇందు జరిత్రమెంత, కల్పనయెంత యను విచారణము పండితులకు దగినదే. కాని నలుగురి శపథమును బ్రేక్షకుడు మోసికొని పోలేడు; ఒక్కని దుఃఖమును మోసికొని పోగలడు. సమూహమును వ్యక్తిగా మార్చుట కల్పన యొక్క ప్రథమధర్మము.

సర్ వాల్టరు స్కాటు 1814లో వేవర్లీని బ్రకటించి, అది యఱువదియేండ్ల నాటి కథ యని యుపశీర్షికలోనే చెప్పెను. చూచినవా రింకను గొందఱు మిగిలి, పగ చల్లారిన కాలమది. నారాయణకవి కంతటి యెడము లభింపలేదు. యుద్ధము జరిగిన కొలది దశాబ్దములకే యతడు కావ్యము చెప్పెను. బొబ్బిలికథ యందలి వేడికి నది యొక కారణము. దానియందలి లోపమునకును నదియే కారణము.

ఆ లోపము విజయనగరమునకు సంబంధించినది. నీటితగవు తొలగిపోగానే విజయరామరాజు పగకు బుద్ధిగమ్యమైన హేతువు తొలగిపోయెను; మిగిలినది యసూయ మాత్రమే. తన పొలములు బీడువడునని తలచిన పొరుగురాజు, క్రమముగా దుష్టపాత్రగా మాఱెను. 1964లో వెలువడిన బొబ్బిలియుద్ధము, 1986లో వెలువడిన తాండ్రపాపారాయుడు చలనచిత్రములు వీరుల ప్రసిద్ధిని లక్షలాది జనులకడకు జేర్చినవి. వారితో నీ యెకపక్షతయు జేరినది. ఒక వర్గపు మౌనమునకు గొంతిచ్చిన కల్పన, రెండవ వర్గపు గొంతును నొక్కివేసినది.

ఇందలి వైపరీత్యము 1794వ సంవత్సరమున మఱింత స్పష్టమగుచున్నది. పేష్కషు బకాయిల నిమిత్తము కుంపిణీవారు విజయనగర సంస్థానమును స్వాధీనము చేసికొని, నెలకు 1,200 రూపాయలు గైకొని మచిలీపట్టణమున నివసింపుమని చినవిజయరామరాజును శాసించిరి. అతడు తన నేలను విడిచి పోలేక, విజయనగర భీమునిపట్టణముల నడుమనున్న పద్మనాభమున నాప్తులతో విడిసి, జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనల కెదురు నిలిచి మడిసెను. ముప్పదియేడేండ్ల క్రిందట రంగరాయడు పలికిన మాటనే, యాతనిపైకి సేన నడిపిన పూసపాటి వంశమున బుట్టినవాడు తన ప్రాణముతో మరల బలికెను. ఇరువురకును బరదేశీయులు మాఱుగ నేదో యొకటి యిత్తు మనిరి, ఇరువురును వలదనిరి. అయినను బొబ్బిలికి లభించినంత ప్రసిద్ధి పద్మనాభమునకు లభింపలేదు. ఒక కథలో దుష్టుడని ముద్రపడిన వంశమును రెండవ కథలో వీరవంశమని యొప్పుకొనుట కల్పనకు గష్టమైయుండవచ్చును.

కాన చారిత్రక కల్పనను రచింప దొడగువాడు తన్నాకర్షించిన దేదో తెలిసికొనుట యావశ్యకము. అది మృతుల మౌనమైనచో, మౌనము కోటలోపల నెంత కలదో గుడారములోపలను నంత కలదు. కత్తిపోట్లకు ముందు విజయరామరాజు తన విజయమును దలచి సంతసించెనో, కాలిన కోటను దలచి నిద్రపట్టక యుండెనో యెవ్వరును వ్రాయలేదు. అతనిని దోషముక్తుని జేయుమని చరిత్రము కోరదు. మనుష్యునిగా జూపుమని మాత్రము కోరును. ఓర్ము కథనమున నొక వృద్ధుడు రంగరాయని కుమారుని, తండ్రి యిచ్ఛకు విరుద్ధముగా గాపాడి, పరాసువారి యెదుటికి దెచ్చెను. రాజాజ్ఞను మీఱిన యా ముదుసలి పేరైన నందు లేదు. వంశమును నిలిపినవాడు కత్తి పట్టినవారిలో లేడు.

1979లో విజయనగరము జిల్లా యేర్పడినపుడు బొబ్బిలి యందు జేరెను. 2022లో రాజామును జేరెను. ఆనాటి పగవారి నేలలు నేడొక్క జిల్లాలోనివి. బొబ్బిలి పాతకోట తావున స్మారకస్తంభము నిలిచియున్నది. స్తంభమును జూచి కథ వ్రాయువారు పెక్కండ్రు. ఇరువైపుల పొలములకును బాఱిన వాగును గూడ జూచి వ్రాయువాని కావ్యమున జరిత్రమునకును గల్పనకును వైరముండదు.